నివేదనలో వాయుభాగము

తైత్తిరీయోపనిషత్తు సృష్టిక్రమమును చెప్పుచు, ఆకాశము మొదలుకొని వాయువు, అగ్ని, జలము, పృథివి, ఓషధులు, అన్నము అని వరుసగా పేర్కొన్నది. ఈ వరుసలో వాయువునకును అన్నమునకును ఎంతో ఎడమున్నట్లు తోచును. ధనుర్మాసమున వైష్ణవాలయములలో పొంగలి ప్రసాదము నందుకొను భక్తుడు బియ్యమును, పెసరపప్పును తలచును గాని, తన చేతిలోని ముద్దలో గాలియు కలదని తలపడు.

తేమ లేని గాలిలో నూరింట 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు. మిగిలినదానిలో ఆర్గాన్ అను వాయువే అధికము. బొగ్గుపులుసు వాయువు పదివేల పాళ్లలో నాలుగింటికి కొంచెము మించి యుండును. అది స్వల్పమని తోసివేయరాదు. వరిపైరు ఎండను ఆధారము చేసికొని ఆ కొద్దిపాటి వాయువును నీటితో కలిపి పిండిపదార్థముగా మార్చుకొనును. ప్రాణవాయువును వెలుపలికి విడుచును. కనుక గింజలోని పిండి గాలియు నీరును కలిసి ఏర్పడినదే గాని మన్ను కాదు. పైరులకు ఆహారమైన ఈ వాయువే భూమికి కంబళివలె వేడిమిని నిలుపుచున్నది. బొగ్గు, పెట్రోలు మండించుటవలన కంబళి మందమగుచున్నది. 1958లో హవాయి దీవిలోని మౌనా లోవాపై కొలతలు మొదలైనప్పుడు పదిలక్షల పాళ్లలో సుమారు 315గా ఉన్న ఈ వాయువు నేడు 420 దాటినది.

ఇక నత్రజని. మనము పీల్చిన నత్రజనిని పీల్చినట్లే విడిచివేయుదుము. అందువలననే కాబోలు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవోయిజే దానికి ‘ప్రాణము లేనిది’ అను అర్థము గల పేరు పెట్టెను. ఇది న్యాయమైన పేరు కాదు. కండరములు, రక్తము, పప్పులోని మాంసకృత్తులు నత్రజని లేనిదే ఏర్పడవు. అయితే దాని పరమాణువులు జంటగా గట్టిగా పెనవేసికొని యుండుటచే వరిపైరు దానిని గాలినుండి నేరుగా గ్రహింపలేదు. మెరుపు కొంత విడదీసి వాననీటితో నేలకు దింపును. పెసర, మినుము, జీలుగ మొక్కల వేళ్ల బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు అంతకంటె ఎక్కువ పని చేయును.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన తరువాత కాలువనీటితో పండిన సామర్లకోట ప్రాంతపు రైతులకు ఈ సంగతి వేరు మాటలలో తెలియును. వరికోత వెనుక పెసర, మినుము చల్లుటయు, జీలుగను పూతకు రాగానే కలియదున్నుటయు డెల్టాలో తెలిసిన పద్ధతులే. పొంగలిలోని పెసరపప్పు ఆ విధముగా గాలినుండి వచ్చినదే. సమీపమున కాకినాడలో 1992లో యూరియా ఉత్పత్తి ప్రారంభించిన నాగార్జున కర్మాగారము కూడ గాలిలోని నత్రజనినే సహజవాయువునుండి తీసిన ఉదజనితో కలిపెను. సూక్ష్మజీవి నేల చల్లదనమున చేయు పనికి యంత్రమునకు గొప్ప వేడిమియు, ఒత్తిడియు కావలసివచ్చినవి.

బస్తా చేతికందుట సులభమైన కొలది మోతాదు మించుట కూడ సులభమైనది. పైరు తీసికొనని యూరియాలో కొంత నీటిలో కలియును; కొంత అమ్మోనియాగా పైకెగయును; మరికొంత నైట్రస్ ఆక్సైడుగా మారును. ఈ కడపటిది బరువుకు బరువు చూచినచో బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 270 రెట్లు వేడిమిని నిలుపును. మిగిలిన నత్రజనిని, నిలిచిన నీటి క్రింద గాలి సోకని బురదలోనుండు వేరొక జాతి సూక్ష్మజీవులు క్రమముగా విప్పి, మరల గాలిలోనికే విడిచిపెట్టును.