నిద్రలేవని లాప్‌టాప్

విద్యార్థులారా! సాతంరాయిలో మీ ఇంట లాప్‌టాప్‌కు కంపెనీవారి కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కుతూండగా కరెంటు పోయిందనుకోండి. బ్యాటరీ కూడా పాడై నిలవలేదు. మళ్ళీ స్విచ్చి నొక్కితే దీపం వెలుగుతుంది గాని తెర నల్లగానే ఉంటుంది. ఎందుచేత?

లేవగానే ఏం చేయాలో ప్రాసెసర్‌కు తనంతట తెలియదు. ఆ తొలిపాఠం మదర్‌బోర్డు మీది ఫ్లాష్ చిప్‌లో ఉంటుంది. అందులో కొత్తది రాయాలంటే ముందు పాతది చెరపవలసిందే. పలక తుడిచాక బలపం విరిగినట్లన్నమాట! ఛార్జరు పెట్టందే పని మొదలుపెట్టనని చాలా లాప్‌టాప్‌లు మొరాయించేది ఇందుకే. చిప్ కాలిపోలేదు, రాత చెడింది, అంతే. కొన్నిటిలో రెండో ప్రతి దాచి ఉంటుంది. లేనివాటికి సర్వీసు సెంటరులో వేరే పరికరంతో చిప్‌లో తిరిగి రాస్తారు, లేదా బోర్డే మారుస్తారు.

వారంటీ ఉండగా బయట విప్పించకండి. ఆ సాకుతో కాదనవచ్చు. జాబ్‌షీటు చదివాకే నాన్నగారిని సంతకం పెట్టమనండి. అందులో "నీళ్ళు పడినవి" అని ఉంటే అప్పుడే అడగాలి. ఉచితంగా చేయమంటే కారణం రాసివ్వమనండి. 1915కు ఫోను చేసినా తేలకపోతే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కంపెనీ ఏ ఊరిదైనా సరే, రంగారెడ్డి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. గడువు 2 సంవత్సరాలు. వస్తువుకు చెల్లించినది 5 లక్షల రూపాయలు దాటకపోతే రుసుము లేదు.