లేట్ - ఒక మాట, రెండు అర్థాలు



ఒకరోజు రాత్రిబడి అయిపోయాక వెనక వరసలో కూర్చునే అక్క ఒక కాగితం పట్టుకొని నా దగ్గరకు వచ్చింది. ఆమె భర్త చనిపోయి రెండేళ్లయింది. కాగితంలో ఆయన పేరు ముందు ఇంగ్లీషులో ఒక మాట ఉంది.

"ఇది లేటు అని మా పిల్లవాడు చదివి చెప్పాడు. బస్సు లేటు అంటాం గదా! మరి మా ఆయన ఏం లేటు చేశాడు టీచరమ్మా?" అని అడిగింది.

నాకు చప్పున జవాబు రాలేదు. మాట తెలుసు. చెప్పేది ఎట్లాగో తెలియలేదు. అందుకే ఈ పాఠం.

ముందు అక్షరాలు చూద్దాం. ఎల్, ఏ, టి, ఇ. చివర ఉన్న 'ఇ' పలకదు. తాను పలకకుండా ముందున్న 'ఏ'ను సాగదీస్తుంది. ఎల్ తీసి ఆర్ పెట్టండి, రేట్ అవుతుంది. డి పెడితే డేట్. జి పెడితే గేట్. పి, ఎల్ రెండూ పెడితే ప్లేట్. ఇవన్నీ మనం రోజూ అనే మాటలే. కాకపోతే మనం చివర ఒక ఉకారం చేర్చి లేటు, రేటు, గేటు అంటాం. మాట అచ్చుతో ముగిస్తేనే మన నోటికి హాయి.

లేట్ అంటే మొదటి అర్థం ఆలస్యం. ఈ మాటను మనం ఎప్పుడో సొంతం చేసుకున్నాం. 'లేటైంది' అంటాం, 'లేటు చేయకు' అంటాం, 'లేటుగా వచ్చింది' అంటాం. చూడండి, రావడం ఎట్లా జరిగిందో చెప్పాలంటే తెలుగులో 'గా' తగిలించాలి. ఇంగ్లీషులో ఏమీ తగిలించరు. 'ద బస్ ఈజ్ లేట్' అంటే బస్సు ఆలస్యం. 'షి కేమ్ లేట్' అంటే ఆమె ఆలస్యంగా వచ్చింది. రెండు చోట్లా అదే లేట్. 'లీ' చేర్చి 'లేట్‌లీ' అన్నారంటే అర్థమే మారిపోతుంది. అప్పుడు అది 'ఈ మధ్య' అని.

'లేటర్' అంటే తర్వాత. ఆఫీసుల్లో మనకు ఎక్కువగా వినపడే మాట ఇదే, 'కమ్ లేటర్', తర్వాత రా అని! ఇందులో 'టి' ఒక్కటే. 'ఏ' బదులు 'ఇ' ఉండి, రెండు 'టి'లుంటే అది లెటర్, అంటే ఉత్తరం. ఇక 'లేటెస్ట్' అంటే అన్నిటికంటే వెనక వచ్చింది, అంటే సరికొత్తది. చీరల కొట్టువాడు లేటెస్టు అన్నాడంటే చీర ఆలస్యమైందని కాదు.

ఇప్పుడు అక్క అడిగిన దానికి వద్దాం. మనిషి పేరుకు ముందు లేట్ అని ఉంటే ఆ మనిషి చనిపోయారని అర్థం. 'లేట్ ఎన్.టి. రామారావు' అని రాస్తారు. ఆయన 1996లో చనిపోయారు. మనం తెలుగులో 'కీ.శే.' అని వేస్తామే, అది 'కీర్తిశేషులు'కు పొట్టి రాత. మనిషి పోయి మంచిపేరు మాత్రం మిగిలిందని దాని భావం. 'స్వర్గీయ' అని కూడా రాస్తారు. ఇంగ్లీషులో ఆ పని లేట్ చేస్తుంది.

మాట ఎక్కడ ఉందో చూడాలి. పేరు తర్వాత 'ఈజ్ లేట్' అని ఉంటే మనిషి ఇంకా రాలేదు, వస్తాడు. పేరుకు ముందే లేట్ ఉంటే ఇక రాడు.

ఇది విని ఆ అక్క కాసేపు మాట్లాడలేదు. "అయితే సరిగ్గానే రాశారు" అని కాగితం మడిచి దాచుకుంది.

ఇంకో అక్కకు దీనికి పూర్తిగా తిరగబడి జరిగింది. ఆమె భర్త పనికోసం బొంబాయి వెళ్లాడు. ఆమె ఒక దరఖాస్తు రాయించుకోవడానికి ఆఫీసు బయట కూర్చుని కాగితాలు రాసిపెట్టే ఆయన దగ్గరకు వెళ్లింది. ఆయన "మీ ఆయన ఉన్నాడా?" అని అడిగాడు. ఈమె "లేడు" అంది. ఊళ్లో లేడని ఈమె ఉద్దేశం. ఆయనకు ఇంకోలా వినిపించింది. మన 'లేడు' కూడా రెండర్థాల మాటే మరి! సంతకం పెట్టేముందు ఈమె కాగితం చూసింది. భర్త పేరు ముందు ఎల్, ఏ, టి, ఇ.

"అయ్యో, ఆయన బతికే ఉన్నాడయ్యా! నిన్న రాత్రి కూడా ఫోన్ చేశాడు" అని గొడవ పెట్టింది. కొత్త కాగితం తెచ్చి మళ్లీ రాసేదాకా అక్కడినుంచి కదల్లేదు. ఆ రోజు బడికి లేటుగా వచ్చింది. నేనేమీ అనలేదు.

భర్త చనిపోయినవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పేరు ముందు లేట్ అని రాసినంత మాత్రాన అది రుజువు కాదు. పింఛనుకు మరణ ధ్రువపత్రం అడుగుతారు. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. అది దాటి 30 రోజుల్లోపు అయితే లేటు ఫీజు కట్టాలి. 30 రోజులు కూడా దాటితే పై అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఈ మాట ఎత్తడం కష్టమే. పక్కింటివాళ్లయినా ఎత్తాలి.

ఇంట్లో ఉన్న కార్డులు, పాసు పుస్తకాలు బయటికి తీయండి. భర్త పేరు, తండ్రి పేరు ఉన్నచోట వేలు పెట్టి చదవండి. ముందు ఆ నాలుగు అక్షరాలు ఉన్నాయా? ఉండాల్సిన చోటే ఉన్నాయా? తప్పు కనిపిస్తే రేపు బడికి తీసుకురండి. దిద్దమని అర్జీ ఇద్దరం కలిసి రాద్దాం.