ఆరువేల యేండ్ల లెక్క ఎక్కడిది?



భూమి పుట్టి ఆరువేల యేండ్లకు మించలేదనియు, సృష్టి దినములు ఇరువది నాలుగు గంటల దినములేయనియు, కొండల రాతిపొరలును వాటిలోని గవ్వలును ఎముకలును నోవహునాటి జలప్రళయములో ఒక్క యేడాదిలో పేరుకొన్నవేననియు కొందరు విశ్వాసులు బోధించుచున్నారు. ఇప్పుడు ఈ బోధ సెల్‌ఫోనులలో మన పల్లెలకును చేరుచున్నది. కాలేజీలో భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరములని చదివిన పిల్లలు ఇంటికి వచ్చి, అయితే బైబిలు అబద్ధమా అని అడుగుచున్నారు. వారిని గద్దించి కూర్చుండబెట్టుట సులభమే. గాని గద్దింపబడినవాడు మరుసటి ఆదివారము గుడికి రాకపోవచ్చును. గనుక ఆ లెక్క ఎట్లు వచ్చినదో మనమే చూతము.

ఆదికాండమంతయు వెదకినను భూమి వయస్సు ఇంత అని చెప్పు వచనము ఒక్కటియు లేదు. ఇట్టి లెక్కలు వేసినవారు అనేకులు గలరు గాని, పేరుపొందినది ఐర్లాండులోని ఆర్మా ఆర్చిబిషప్పు జేమ్స్ అషర్ వేసిన లెక్క. ఆయన గొప్ప పండితుడు, భక్తిపరుడు. వంశావళులలోని యేండ్లను కూడి, రాజుల చరిత్రలతో సరిచూచి, సృష్టి క్రీ.పూ. 4004 అక్టోబరులోను, జలప్రళయము క్రీ.పూ. 2348లోను జరిగినవని 1650లో ప్రచురించెను. 1701 మొదలు ఇంగ్లీషు బైబిళ్ల అంచులలో ఈ తేదీలు అచ్చగుచు వచ్చెను. అంచున నున్నది కొన్నాళ్లకు వచనమువలెనే కనబడెను!

వంశావళులను కూడిన చాలునా? షేతు పుట్టినప్పుడు ఆదాము వయస్సు 130 అని హెబ్రీ ప్రతిలోను, దానిననుసరించిన మన తెలుగు బైబిలులోను ఉన్నది. పూర్వపు గ్రీకు తర్జుమాలో అది 230. ఇట్లు పలువురి విషయములో తేడా వచ్చి, హెబ్రీ ప్రకారము ఆదాము మొదలు జలప్రళయమువరకు 1656 యేండ్లు కాగా, గ్రీకులో దాదాపు ఆరువందలు ఎక్కువగును. మన అపొస్తలులు తరచుగా ఎత్తి చూపినది ఆ గ్రీకు తర్జుమానే. మత్తయి 1:8ని మొదటి దినవృత్తాంతములు 3:11, 12తో పోల్చి చూడుడి. యెహోరాముకును ఉజ్జియాకును నడుమ ముగ్గురు రాజులను మత్తయి విడిచిపెట్టెను. అది తప్పు కాదు. యూదులు వంశావళిని వ్రాయు రీతి అది. అట్టి పట్టికను పట్టుకొని భూమికి జాతకము వ్రాయవచ్చునా?

ఇక రాళ్ల సంగతి. రాళ్లలో జలప్రళయపు గురుతులను శ్రద్ధతో వెదకినవారు నాస్తికులు కారు, ఇంగ్లాండులోని పాదిరులే. విలియం బక్లాండ్ అను పాదిరి గుహలలోని బురదను, ఎముకలను చూచి, ఇది ఆ ప్రళయమునకు సాక్ష్యమని 1823లో గ్రంథమే వ్రాసెను. మరికొన్ని ప్రాంతములు పరిశీలించిన తరువాత, 1836 నాటికి ఆ మాట విడిచెను. కేంబ్రిడ్జిలో బోధించిన ఆడమ్ సెడ్విక్ అను పాదిరియు 1831లో జియలాజికల్ సొసైటీ అధ్యక్షపీఠమునుండి తన పూర్వపు అభిప్రాయమును బహిరంగముగా ఉపసంహరించుకొనెను. ఈయన తరువాత డార్విన్‌ను గట్టిగా ఎదిరించినవాడే సుమా! రాతిపొరలను మరల జలప్రళయమునకు కట్టి విస్తారముగా ప్రచారము చేసినది 1961లో అమెరికాలో విట్‌కంబ్, మారిస్ అనువారు వ్రాసిన గ్రంథము.

మన రాజమహేంద్రవరము దగ్గర కాతేరులో, అగ్నిపర్వత ద్రవము చల్లారి యేర్పడిన నల్లరాతి పొరలు రెండింటి నడుమ గవ్వలుగల సున్నపురాయి ఉన్నది. క్రింది పొర చల్లారవలెను, దానిపై నీరు నిలువవలెను, గవ్వలు పుట్టి పెరిగి చావవలెను, ఆ తరువాత మరల నిప్పుద్రవము పారవలెను. ఒక్క యేడాది ప్రళయములో ఇది ఇముడునా? ఈ పొరల వయస్సు ఆరున్నర కోట్ల యేండ్లకు పైబడినదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

ఆరువేల యేండ్లు నమ్మని వాడు క్రైస్తవుడు కాడని వేదికమీదనుండి చెప్పుట మాకు సమ్మతము కాదు. నమ్మువారిని ఎగతాళి చేయుటయు అట్లే. వారు మన సహోదరులు. పిల్లవాడు అడిగినప్పుడు పైని వాక్యభాగములు అతనిచేతనే తీయించి, తరువాత ఆదికాండము 9వ అధ్యాయము కలిసి చదువుడి. అక్కడి నిబంధన నోవహుతో మాత్రమే కాదు, ఓడలోనుండి వచ్చిన పశుపక్ష్యాదులతోను చేయబడినది. మన దొడ్లలోని యెడ్లును అందులో ఉన్నవి.