చిగుళ్ల వ్యాధి: ఫ్లోరైడ్ ద్రవం పని ఎంత, నీటిధార పని ఎంత

పళ్లు తోముకొనేటప్పుడు ఉమ్మిలో నెత్తుటి జీర కనబడగానే చాలామంది ఆ వైపు తోమడం మానివేస్తారు. చేయవలసినది దానికి విరుద్ధం. చిగురు అంచున పేరుకొన్న పాచిలోని సూక్ష్మజీవుల వలన చిగురు వాచి, తాకగానే రక్తం వస్తుంది. తోమడం మానిన చోట పాచి మరింత పెరుగుతుంది. కొద్ది రోజులకు లాలాజలంలోని ఖనిజాలు చేరి అది గట్టిపడి గార అవుతుంది. వాపు చిగురు వరకే ఉన్నంతకాలం వ్యాధి పూర్తిగా నయమవుతుంది. పంటిని పట్టి నిలిపే ఎముక కరగడం మొదలైన తరువాత పోయినది సాధారణంగా తిరిగి రాదు, మిగిలినదానిని కాపాడుకోవలసి ఉంటుంది.

పొగాకు వాడేవారు ఒక విషయం ప్రత్యేకంగా గమనించాలి. బీడీ, సిగరెట్టు తాగేవారి చిగుళ్ల నుండి రక్తం తక్కువగా వస్తుంది. అది ఆరోగ్యానికి గుర్తు కాదు. లోపల ఎముక కరుగుతున్నా బయటికి హెచ్చరిక కనబడదు. మహారాష్ట్రలో స్థిరపడిన మన కుటుంబాలలో కొన్నింటికి పొగాకును మాడ్చి నూరిన మిశ్రీతో పళ్లు రుద్దుకొనే ఇక్కడి అలవాటు అబ్బింది. మిశ్రీ దంతమంజనం కాదు, పొగాకే.

ఇప్పుడు మందుల దుకాణంలో దొరికే ఫ్లోరైడ్ పుక్కిలి ద్రవం సంగతి. ఇది చిగుళ్ల మందు అని పలువురు భావిస్తారు. ఫ్లోరైడ్ పని పంటిపై: ఆమ్లాల వలన పంటి నుండి కరిగిపోయిన ఖనిజాన్ని తిరిగి చేర్చుతుంది. చిగురు వాపును అది తగ్గించదు. అయినా చిగుళ్ల రోగికి దీని అవసరం ఉంది. చిగురు కిందికి జారినప్పుడు పంటి వేరు బయటపడుతుంది. వేరుకు ఎనామెల్ కవచం లేదు కనుక త్వరగా పుచ్చుతుంది, చల్లని నీరు తగిలితే జివ్వుమంటుంది. అటువంటివారికి దంతవైద్యులు నిత్యం వాడే 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్ ద్రవాన్ని సూచిస్తారు. 10 మిల్లీలీటర్లు నోట పోసుకొని ఒక నిమిషం పుక్కిలించి ఉమ్మివేయాలి. అరగంట వరకు ఏమీ తినరాదు, తాగరాదు. తోముకొన్న వెంటనే దీనిని వాడవద్దు. పేస్టులో దీనికన్నా ఎక్కువ ఫ్లోరైడ్ ఉంటుంది, పుక్కిలిస్తే అదంతా కొట్టుకుపోతుంది. మధ్యాహ్న భోజనం తరువాత వాడడం మేలు.

నల్లగొండ ప్రాంతం నుండి వచ్చినవారికి ఫ్లోరైడ్ అనగానే వంగిన కాళ్లు, బిగిసిన వెన్ను గుర్తుకు వస్తాయి. ఆ భయం అకారణం కాదు. అయితే అక్కడి హాని ఏళ్ల తరబడి తాగిన బావినీటి వలన కలిగినది. మనదేశ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి; వేరే నీరు దొరకని చోట 1.5 వరకు అనుమతిస్తారు. పైన చెప్పిన 10 మిల్లీలీటర్ల ద్రవంలో 2 మిల్లీగ్రాములకు కొంచెం పైగా ఉంటుంది. ఉమ్మివేస్తే భయం లేదు. రోజూ మింగితే మంచిది కాదు. ఆరేళ్లలోపు పిల్లలకు ఇవ్వరాదని చెప్పడానికి కారణం ఇదే. బాల్యంలో అటువంటి నీరు తాగినవారి పళ్లపై ఉండే గోధుమరంగు మచ్చలు గార కావు, స్కేలింగ్‌తో పోవు.

చిగుళ్లకు నేరుగా ఉపకరించేది నీటిధార. వాటర్ ఫ్లాసర్ అనే చిన్న యంత్రం సన్నని గొట్టం గుండా నీటిని ఆగి ఆగి చిమ్ముతుంది. బ్రష్షు చేరని పంటి సందులలో, బ్రిడ్జి కింద, తీగలు కట్టిన పళ్ల చుట్టూ చేరిన తుక్కును, మెత్తని పాచిలో కొంత భాగాన్ని కడిగివేస్తుంది, రక్తస్రావం తగ్గుతుంది. మొదట అతి తక్కువ ఒత్తిడి పెట్టుకోవాలి. గోరువెచ్చని నీరు పోసి, సింకుపైకి వంగి, పెదవులు కొద్దిగా మూసి, వెనుక పళ్ల నుండి చిగురు అంచు వెంబడి ముందుకు రావాలి. ధార పంటికి అడ్డంగా తగలాలి, చిగురు లోతుకు గుచ్చినట్లు పడరాదు. తరువాత మెత్తని బ్రష్షుతో తోముకోవాలి. కుళాయి నీరు రోజూ రాని పేటలలో నిల్వ నీటిని కాచి చల్లార్చి వాడండి. వాడిన తరువాత తొట్టిలో నీరు మిగల్చరాదు. ఎవరి గొట్టం వారిదే. యంత్రం కొనలేనివారు బాధపడనక్కరలేదు, పంటి సందుల్లో పట్టే చిన్న బ్రష్షు చాలామందికి అంతే పనిచేస్తుంది. ఇంజెక్షను సూదితో చిగురులోకి నీరు పంపే ప్రయత్నం మాత్రం ఎన్నడూ చేయవద్దు.

గారను ఈ రెండూ కదల్చలేవు. దానికి స్కేలింగ్ ఒక్కటే మార్గం. స్కేలింగ్ చేయిస్తే పళ్లు ఊడిపోతాయన్న మాట మన ఇళ్లలో తరచు వినబడుతుంది. ఎముక అంతకుముందే కరిగిపోయి ఉంటే, సందులను పూడ్చిన గార తొలగగానే ఖాళీ తెలుస్తుంది, పన్ను కదులుతున్నట్లు అనిపిస్తుంది. ఆ కదలిక వ్యాధి చేసినదే గాని స్కేలింగ్ చేసినది కాదు.

రెండు వారాలు శ్రద్ధగా శుభ్రం చేసినా రక్తం ఆగకపోతే, పన్ను కదిలితే, చిగురు నుండి చీము వస్తే దంతవైద్యునికి చూపించాలి. చీము, గడ్డ ఉన్న చోట ఇంట్లో నీటిధార వాడరాదు. గుండె కవాట వ్యాధి ఉన్నవారు యంత్రం మొదలుపెట్టకముందే తమ వైద్యుని అడగాలి. మధుమేహం ఉన్నవారిలో చిగుళ్ల వ్యాధి త్వరగా ముదురుతుంది, అది ముదిరితే చక్కెర అదుపు తప్పుతుంది. కనుక వారు చక్కెర పరీక్షకు వెళ్లినప్పుడే పళ్లు కూడా చూపించుకోవాలి. వాచిన ముఖంతో జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.