ఎత్తుపల్లముల పెరడు

ఇంటి వెనుక జాగా ఎగుడుదిగుడుగా నున్నచో గృహస్థునకు మొదట తోచునది దానిని చదును చేయించుట. యంత్రమును రప్పించి, ఎత్తు గీకించి, ఆ మట్టితో పల్లమును పూడ్పించును. తొలకరి వరకు అది చూపునకు ఇంపుగానే యుండును. పిమ్మట క్రొత్తగా పోసిన మట్టి నాని పొరుగువాని గోడను నెట్టును. అంతవరకు పల్లమున ఇంకుచుండిన నీరు వీధిలోనికి పొర్లును. తగవు పంచాయతీకి వచ్చును. కావున ఇది ఒక్క యింటివాని సొంత విషయమని సభ్యులు ఊరకుండుటకు వీలులేదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగినవిగా 29 విషయములు గలవు. నేల సంరక్షణము, నీటి యాజమాన్యము వానిలోనివే.

ఒక సెంటు భూమి సుమారు 40 చదరపు మీటర్లు. 5 సెంట్ల పెరటిపై 5 సెంటీమీటర్ల వాన కురిసినచో పడు నీరు 10,000 లీటర్లు. ఇంత నీటికి దారి చూపకుండ వాలును చెరపుట తగదు. వాలును మెట్లుగా విభజించుటయే మేలు. శ్రీకాకుళము నుండి గంజాం వరకు గల కొండలలో సవరలు రాతి గోడలతో మెట్లు కట్టి వరి పండించుట పూర్వము నుండియు నున్నదే. పెరటికి అంత శ్రమ అక్కరలేదు. రెండు మూడు మెట్లు చాలును.

మెట్టు మట్టముగా నుండవలెనన్న కంటి అంచనాను నమ్మరాదు. ఆరడుగుల వెదురు కర్రలు రెండింటిని పైకొసల వద్ద కలిపి కట్టి, నడుమ అడ్డకర్ర బిగించి, పైముడి నుండి రాయి కట్టిన దారమును వ్రేలాడదీయవలెను. కాళ్లను రెండుచోట్ల నిలిపి, దారము అడ్డకర్రను తాకినచోట గీత పెట్టవలెను. అవే చోట్ల కాళ్లను తారుమారు చేసి మరల గీత పెట్టినచో, రెండు గీతల నడిమి బిందువు మట్టమును తెలుపును. దారము ఆ బిందువుపై నిలుచునట్లు చట్రమును జరుపుచు, కాలు మోపినచోటనెల్ల మేకు నాటుచు పోవలెను. మేకుల వరుస వంకరగా వచ్చును. అందము కొరకు దానిని తాడు పట్టి సరిచేసినచో పడిన శ్రమ వృథా.

త్రవ్వుటకు ముందు పై అరడుగు సారవంతమైన మట్టిని వేరుగా పోసి, పని ముగిసిన పిమ్మట మరల పరపవలెను. పెద్ద చెట్ల మొదళ్లపైకి మట్టి ఎగబోయరాదు. మెట్టు అంచున సిమెంటు లేని రాతికట్టు మంచిది. నీరు సందుల గుండ కారిపోవును గనుక గోడపై ఒత్తిడి నిలువదు. కట్టు ఎగువవైపునకు కొంచెము వాలి, వెనుక గులకరాళ్లు కలిగి, 3 అడుగులకు లోబడి యుండవలెను. అంతకు మించిన ఎత్తు అనుభవముగల మేస్త్రీ పని. రాయి దొరకని యూళ్లలో వట్టివేరు దుబ్బులను జానెడు లోపు ఎడముతో నాటవచ్చును. దాని వేళ్లు ప్రక్కలకు ప్రాకక నిలువున దిగి మట్టిని పట్టియుంచును. అయితే చలువ తడికల కొరకు ఆ వేళ్లనే త్రవ్వి తీయువారున్నారు. అప్పుడు గట్టు తెగును.

పై మెట్టున మునగ, సీతాఫలము, నడుమ కూరగాయలు, తడి నిలుచు దిగువ మెట్టున అరటి, చేమ. మరుగుదొడ్డి గుంట బావికి ఎగువన ఉండరాదు.

పంచాయతీ స్వయముగా చూచుకొనవలసినది మరియొకటి గలదు. పాత సిమెంటు రోడ్డుపై మరల మరల పొర వేయుచు పోగా వీధి ఎత్తగును, ఇండ్లు పల్లమగును. అప్పుడు పెరటిలో ఎన్ని మెట్లు కట్టినను మిగులు నీరు బయటకు పోవు దారి యుండదు. కావున రోడ్డు పనికి తీర్మానము చేయుటకు పూర్వమే, మేస్త్రీలు వాడు నీటి గొట్టముతో ఆ వీధిలోని ప్రతి యింటి గడప మట్టమును, పెరటి దిగువ అంచును, కాలువ అడుగును కొలిపించి పుస్తకమున వ్రాయించవలెను. కాలువ అడుగు పెరటి అంచుకంటె ఎత్తుగా నున్నచోట ముందు కాలువను లోతు చేయించి, తరువాతనే రోడ్డు వేయించవలెను.