కటాఫ్ ఎప్పుడు పెట్టినారన్నదే ప్రశ్న

తిరుమల

నాయనా,

రాతపరీక్ష ఎంత బాగా రాసినా ఇంటర్వ్యూలో కనీస మార్కులు రాలేదని పక్కన పెడితే అది న్యాయమేనా తాతా అని అడిగినావు. కటాఫ్ ఉండడం అన్యాయం కాదు. ఎప్పుడు పెట్టినారన్నదే చూడాలి.

నువ్వు చదవాల్సిన కేసు మన రాష్ట్రానిదే, కె. మంజుశ్రీ కేసు. 2004లో 10 జిల్లా జడ్జి పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. రాతకు 75, ఇంటర్వ్యూకు 25 మార్కులని పరీక్షకు ముందే హైకోర్టు తీర్మానించింది. రాతలో కనీసం ఎంత రావాలో చెప్పింది, ఇంటర్వ్యూకు చెప్పలేదు. ఇంటర్వ్యూలన్నీ అయినాక వాటికీ కనీస మార్కులు పెట్టి జాబితా మార్చింది. ఆట అయిపోయినాక నియమం మార్చడమే ఇది అని 2008 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఇక్కడ సర్వదర్శనం క్యూలో రాత్రంతా నిలబెట్టి, బంగారువాకిలి దగ్గర ఎవరూ చెప్పని షరతు చెప్పి వెనక్కి పంపితే భక్తుడికి ఎట్లుంటుంది? షరతు మంచిదే కావచ్చు. చెప్పాల్సిన చోటు మహాద్వారానికి ఇవతల.

ఆ తీర్పులో ఇంకో సగం ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. రాతపరీక్ష 100 మార్కులకు పెట్టినారు. ఆ మార్కులను 75కు కుదించడం సరైనదేనని అదే కోర్టు అనింది. కుదింపుతో కొందరి ర్యాంకు తగ్గుతుంది, అయినా 75 అన్నది ముందే ఉన్న నిర్ణయం. నీకు లాభమా నష్టమా అన్నది కొలత కాదు నాయనా, ముందే చెప్పినారా లేదా అన్నదే కొలత. 2024 నవంబరు 7న తేజ్ ప్రకాశ్ పాఠక్ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం మంజుశ్రీ తీర్పును నిలబెట్టింది.

కోర్టులో గెలిచినంత మాత్రాన ఉద్యోగం వస్తుందనుకోవద్దు. కేరళ జిల్లా జడ్జీల ఎంపికలో ఇంటర్వ్యూల తరవాత పెట్టిన కటాఫ్ తప్పని 2023లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కానీ అప్పటికి ఆరేళ్లు దాటినాయని, పనిలో ఉన్నవాళ్లను కదిలించలేదు. కోర్టుకు పోయినవాళ్లకు పోస్టులు దక్కలేదు.

నీ ఉత్తరం చూస్తే కోచింగ్‌లో విన్న మాటలే ఉన్నాయి, నోటిఫికేషన్ నువ్వు పూర్తిగా చదివినట్టు లేదు. జడ్జి కావాలనుకునేవాడు అట్ల చేయొచ్చునా? ఈ పొద్దే కూర్చుని, సర్వీసు నియమావళితో కలిపి చదువు. ఇంటర్వ్యూకు కనీస మార్కులు అందులో ఉంటే గొణగకుండా ఒప్పుకుని, నలుగురి ముందు మాట్లాడడం అలవాటు చేసుకో. నీకు ఆ బెరుకు చిన్నప్పట్నించీ ఉంది, సాధనతో పోతుంది. ఆ కనీస మార్కులు అందులో లేకుంటే నిశ్చింతగా రాతపరీక్ష మీద పడు. ఏముందో ఆ పేరా నాకు రాసి పంపు.

ఆశీస్సులతో,
తాత