చీటీల డబ్బా

హనుమకొండ

చిరంజీవి అనూషకు,

పిల్లలు మత్తు జోలికి పోకుండా బళ్లలో పాఠాలు చెప్పే సంస్థలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ దొరికిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వు పంపిన స్లైడ్లు చూశాను. నల్లబడ్డ ఊపిరితిత్తులు, కళ్లు పీక్కుపోయిన కుర్రాడి ఫొటో, చివర పుర్రె బొమ్మ. రాత్రి రెండింటి దాకా కూర్చుని చేశావట. అయినా చెబుతున్నాను, వాటిని పక్కన పెట్టెయ్ బిడ్డా.

ఎందుకో తెలియాలంటే నేను చేసిన తప్పు చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందట, కౌన్సెలర్‌గా కొత్తగా చేరిన రోజుల్లో, ఒక బడిలో ఏడో తరగతి పిల్లలకు వైట్‌నర్ గురించి చెప్పమన్నారు. బాగా అర్థం కావాలని సీసా పట్టుకెళ్లి, ఎలా పీలుస్తారో చేసి మరీ చూపించాను. పిల్లలు రెప్ప వేయకుండా చూశారు. ఎంత శ్రద్ధగా విన్నారో అని పొంగిపోయాను. పది రోజుల తర్వాత ఆ బడి టీచరమ్మ కబురు పెట్టింది. ఇద్దరు పిల్లలు గోడ వెనక అదే పని చేస్తూ దొరికారు. ఒకడు వాంతులతో పడిపోయాడు. ఎవరు నేర్పారని అడిగితే, "మొన్న వచ్చిన మేడం" అన్నాడట. వాడు బతికాడు కాబట్టి ఈ ఉత్తరం ఇంత నిదానంగా రాయగలుగుతున్నాను.

వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ లాంటి వాటిలో టొల్యూన్ వంటి ద్రావకాలు ఉంటాయి. పీల్చినప్పుడు గుండె లయ తప్పి మొదటిసారికే ప్రాణం పోవచ్చు. ఇది టీచర్లకు, తల్లిదండ్రులకు, చిల్లర కొట్టు వాళ్లకు వివరంగా చెప్పు. చిన్న తరగతుల్లో మాత్రం ఇవి పురుగుమందులాంటి విషాలనీ, వాసన చూడకూడదనీ చెప్పి ఊరుకో. మత్తు అన్న మాటే అక్కడ ఎత్తకు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎయిమ్స్ చేత చేయించి 2019లో వెలువరించిన సర్వే చూడు. మిగతా మత్తులేవీ పెద్దవాళ్లకంటే పిల్లల్లో ఎక్కువ కావు. ఇలా పీల్చేవి ఒక్కటే పిల్లల్లో ఎక్కువ. 10 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 1.17 శాతం, పెద్దవాళ్లలో 0.58 శాతం. గంజాయి మీదే అందరి కళ్లూ ఉంటే, కారుచౌకగా దొరికే ఈ విషం బడి సంచిలోకి చేరిపోతుంది.

పెద్ద తరగతుల్లోనూ భయం పనిచేయదు. ఒక్క దమ్ముకే బతుకు బుగ్గి అని నువ్వంటావు. తన వీధిలో దమ్ము కొట్టి నవ్వుతూ తిరిగే అన్నను ఆ పిల్లవాడు రోజూ చూస్తుంటాడు. నువ్వు చెప్పింది అబద్ధమని అక్కడే తేల్చుకుంటాడు. ఆ తర్వాత నువ్వెన్ని నిజాలు చెప్పినా వాడికి ఎక్కవు. అమెరికాలో 1983లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన 'డేర్' కార్యక్రమం పోలీసులను తరగతి గదుల్లోకి పంపి పాఠాలు చెప్పించింది. దేశమంతా పాకింది. పరిశోధకులు ఏళ్ల తరబడి పరిశీలిస్తే, ఆ పాఠాలు విన్న పిల్లలకూ విననివాళ్లకూ వాడకంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చివరికి డేర్ వాళ్లే పాఠం మార్చుకున్నారు. మన దగ్గర జూన్ 26న, మత్తు వ్యతిరేక దినం నాడు, ర్యాలీ తీసి, ప్రతిజ్ఞ చేయించి, ఫొటో దిగి వెళ్లిపోయే వాళ్లను చూస్తే నాకు దుఃఖం వస్తుంది. ఎండలో ప్లకార్డు పట్టుకుని నడిచిన ఆ పిల్లను ఒక్కరైనా ఒక్క ప్రశ్న అడగరు.

మరేం చేయాలంటావా? కాదనడం సాధన చేయించు. ఇక్కడ ఒక చిక్కుంది, పుస్తకాల్లో దొరకదు. పరాయి దేశాల పాఠాల్లో మత్తు ఇవ్వజూపేవాడు సాటి వయసు స్నేహితుడు. మన వాడకట్టులో ఇచ్చేది అన్న, బావ, ఒక్కోసారి సొంత బాబాయి. పెళ్లి బరాత్‌లో, గణేశ్ నిమజ్జనంలో, దావత్‌లో, భుజం మీద చెయ్యి వేసి ప్రేమగా ఇస్తాడు. పెద్దవాళ్ల మాట కాదనకూడదని పుట్టినప్పటి నుంచీ నేర్పిన పిల్లవాణ్ణి, ఆ ఒక్క క్షణంలో గట్టిగా వద్దనమంటే ఎలా అంటాడు? ఆ మాట వాడి నోటి నుంచే రావాలి. ఇద్దరిద్దరిని నిలబెట్టి నాటకంలా ఆడించు. ఒకసారి పదో తరగతి పిల్లవాడు, "అన్నా, మా అమ్మ నోరు వాసన చూస్తది, నన్ను వదిలెయ్యి" అన్నాడు. తరగతంతా చప్పట్లు. ఇంకొకడు చెప్పులు తెగాయని వంక పెట్టి జారుకున్నాడు. గౌరవం చెడకుండా తప్పుకునే దారులు వాళ్లకు మనకంటే బాగా తెలుసు. వాటిని పైకి అనిపించి, పదిసార్లు పలికించడమే మన పని.

ఇళ్ల గురించి మాట్లాడేటప్పుడు మరీ జాగ్రత్త. అల్ప్రాజొలం, డయాజిపాం కలిపిన కల్లుకు అలవాటుపడ్డ వాళ్లు మన దగ్గర ఎందరో. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే వణుకుతూ హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వచ్చినవాళ్లలో వీళ్లూ ఉన్నారు. వాళ్ల పిల్లలు నీ ఎదుట బెంచీల మీదే కూర్చుంటారు. తాగుబోతులు, గంజాయి బ్యాచ్ అని నువ్వు నోరు జారావో, ఆ పిల్ల తల దించుకుంటుంది. ఇక నీ దగ్గరకు రాదు.

బెల్లు కొట్టాక ఎవరో ఒకరు సంచి సర్దుకుంటున్నట్టు నటిస్తూ వెనక ఆగుతారు. వాళ్ల కోసం పావుగంట మిగుల్చుకో. "ఎవరికీ చెప్పనని ఒట్టేయండి మేడం" అంటారు. ఒట్టు వేయకు. "నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రమాదం ఉందనిపిస్తే చెప్పక తప్పదు, ఎవరికి చెబుతానో ముందు నీకే చెబుతా" అను. లైంగిక వేధింపు సంగతి బయటపడితే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయాల్సిందే, ఇంటర్న్‌నని తప్పించుకోవడానికి లేదు. అలాంటప్పుడు అదే రోజు నీ పై అధికారికీ చెప్పు. నువ్వు వైద్యం చేసేదానివి కాదు, దారి చూపేదానివి. మత్తు మానాలనుకునే వాళ్లకు 14446, మనసు కుంగిన వాళ్లకు 14416, ఆపదలో ఉన్న పిల్లలకు 1098. ఈ మూడూ బోర్డు మీద రాసి వదిలేయకు, నోట్‌బుక్కులో ఎక్కించుకోనివ్వు.

తల్లిదండ్రులు పోలీసులకు భయపడి, మత్తుకు అలవాటుపడ్డ పిల్లవాణ్ణి దాచేస్తారు. సొంతానికి వాడినవాళ్లు తమంతట తాము చికిత్సకు వెళ్లి పూర్తి చేసుకుంటే మత్తుమందుల నియంత్రణకు ఉన్న ఎన్డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్ విచారణ నుంచి రక్షణ ఇస్తుందని వాళ్లకు చెప్పు. పిల్లలకు మత్తు ఇచ్చినవాడికి మాత్రం బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. బడి గేటు ఎదుటి కొట్లో ఈ సంగతి చెప్పి రా.

మీ అమ్మ చేత ఒక పాత బిస్కెట్ డబ్బా పంపుతున్నాను. మూతకు చీలిక ఉంది. నా పాఠం మొదలయ్యే ముందు పిల్లలు పేరు రాయకుండా చీటీలు వేసేది అందులోనే. ఒక ఊళ్లో, "మా నాయన రోజూ తాగొస్తడు, నేను యాడ కూసోని చదువుకోవాలె?" అని ఉంది ఒక చీటీ. మత్తు గురించి ఒక్క ప్రశ్నా లేదు. నా దగ్గర జవాబు లేదు. సాయంత్రం హెడ్‌మాస్టర్ గారికి ఆ చీటీ చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. మర్నాటి నుంచి ఒక గది రాత్రి ఎనిమిది దాకా తెరిచి, లైటు వేసి ఉంచారు. మొదటి రోజు ముగ్గురు వచ్చారు. దసరా నాటికి పందొమ్మిది మంది.

ఐస్‌లాండ్‌లో చేసిందీ పెద్ద స్థాయిలో ఇదే. బడి అయ్యాక పిల్లలకు ఆటలు, సంగీతం, తల్లిదండ్రులతో గడిపే సమయం కల్పించారు. 15, 16 ఏళ్ల వాళ్లలో గడిచిన నెలలో తాగి తూలినవాళ్లు 1998లో 42 శాతం ఉంటే, 2016 నాటికి 5 శాతానికి తగ్గారు.

డబ్బా అడుగున ఆ చీటీ అలాగే ఉంది, తీసేయకు. సోమవారం నీ తరగతి అయ్యాక మొదటి చీటీలో ఏముందో ఫోన్ చేసి చదివి వినిపించు. తొమ్మిది దాకా మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ